స్టీలు జాయింట్లలో బోల్టు బిగువు సరిచూడటం: మొదటి నట్టు నుంచి చివరి పెయింట్ గీత దాకా

"ఎం20 బోల్టుకు ఎంత టార్క్ పెట్టాలి సార్?" రేణిగుంట, ఏర్పేడు, శ్రీసిటీ వైపు షెడ్లు నిలబెట్టే కుర్రాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఎం20 అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న బోల్టు, టార్క్ అంటే నట్టును తిప్పే బలం. చిత్తూరు నుంచి ఒకాయన ఈమధ్య ఒక చార్టును ఫొటో తీసి పంపి, ఇది పెట్టేస్తే సరిపోతుందా అన్నాడు. చార్టు తప్పని కాదు. ఆ చార్టు వేసినవాళ్ల ముందున్న బోల్టు వేరు, ఈయన గోడౌన్లో మూడు నెలలుగా పడి ఉన్న బోల్టు వేరు. అంకె ఒక్కటే అడిగితే నేను జవాబు చెప్పలేను. పని మొత్తం వరుసగా చెప్పగలను.

1. ముందు డ్రాయింగ్ చూసి జాయింట్ ఏ రకమో తేల్చుకోండి

స్టీలు జాయింట్లలో బిగువు రెండు రకాలు. మొదటి రకంలో బోల్టు కాడ రంధ్రం అంచుకు ఆనుకుని లోడు మోస్తుంది. దీనికి ప్లేట్లు గట్టిగా కలిసేదాకా బిగిస్తే చాలు, దాన్నే సైట్లో స్నగ్ టైట్ అంటాం. పర్లిన్లు (కప్పు రేకులను మోసేవి), గర్టులు (గోడ రేకులను మోసేవి), చిన్న బ్రేసింగులు ఎక్కువగా ఈ కోవలోవే.

రెండో రకంలో బోల్టును సాగదీసి వదులుతాం. సాగిన బోల్టు స్ప్రింగులా ప్లేట్లను ఒకదానికొకటి నొక్కి పట్టుకుంటుంది, ఆ రాపిడే లోడు మోస్తుంది. క్రేన్ గర్డర్లు, అదిరే మెషీన్ల సపోర్టులు, లోడు అటూ ఇటూ మారే జాయింట్లు ఈ రకం. డ్రాయింగ్‌లో హెచ్ఎస్ఎఫ్‌జీ (హైస్ట్రెంగ్త్ ఫ్రిక్షన్ గ్రిప్) అనో, ప్రీటెన్షన్డ్ అనో, స్లిప్ క్రిటికల్ అనో రాసి ఉంటుంది. ఈ పేజీలో ఎక్కువ భాగం ఈ రెండో రకం గురించే.

ఏమీ రాసి లేకపోతే మీరు ఊహించకండి. డిజైనర్‌ను మెయిల్లోనో లెటర్లోనో అడిగి, జవాబు ఫైల్లో పెట్టుకోండి. 4.6 గ్రేడు పర్లిన్ బోల్టుకు టార్క్ రెంచ్ పెట్టి పుటుక్కున తెంపినవాళ్లను చూశాను. క్రేన్ గర్డర్ బోల్టులను చేతి బలంతో బిగించి వదిలేసినవాళ్లనూ చూశాను. రెండో తప్పు చాలా పెద్దది, ఎందుకంటే అది ఆరోజు ఎవరికీ కనిపించదు.

ఇంకొక మాట. ఫౌండేషన్ బోల్టుల లెక్క వేరు. అవి కాంక్రీటులో ఉంటాయి, గ్రౌటింగ్ అయ్యాక డిజైనర్ చెప్పినట్టే బిగించాలి. కింద చెప్పే పద్ధతులు వాటికి పట్టించకండి.

2. పైకెక్కే ముందు చేతిలో ఉండాల్సినవి

- ఎరెక్షన్ డ్రాయింగ్, బోల్టు లిస్టు (సైజు, పొడవు, గ్రేడు, జాయింట్ నంబరుతో సహా)
- బోల్టుల టెస్ట్ సర్టిఫికెట్లు, బాక్సుల మీది లాట్ (తయారీ విడత) నంబర్లు
- కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) గడువు దాటని టార్క్ రెంచ్ (పెట్టిన టార్క్ రాగానే టిక్‌మనే రెంచ్)
- పాడ్జర్ స్పానర్లు (ఒక కొన మొనదేలినవి), డ్రిఫ్ట్ పిన్నులు (రంధ్రాలు ఒకదానికొకటి కలిపేవి), సరైన సాకెట్లు
- ఫీలర్ గేజ్ (సన్నని సందు కొలిచే రేకులు), లేకపోతే ఒక హ్యాక్సా బ్లేడు
- రెండు రంగుల పెయింట్ మార్కర్లు
- హార్నెస్, పనిముట్లకు కట్టుకునే తాడు

టార్క్ రెంచ్ గురించి రెండు మాటలు. మీకు కావాల్సిన అంకె రెంచ్ స్కేలు అడుగున కాక నడిమి భాగంలో పడేలా ఎంచుకోండి. మామూలుగా 12 నెలలకో 5,000 వాడకాలకో, ఏది ముందొస్తే దానికి కాలిబ్రేషన్ చేయించాలి. సాయంత్రం పెట్టెలో పెట్టేముందు సెట్టింగ్ కింది అంకెకు దించండి. ఆ రెంచ్‌తో నట్లు ఊడదీయకండి. పక్కవాడు సుత్తి లేదని దాంతోనే పిన్ను కొట్టినా, పైనుంచి ఒకసారి కింద పడినా, మళ్లీ కాలిబ్రేట్ చేయించేదాకా అది పనికిరాదు.

సాకెట్ కూడా ఒక సంగతి చెబుతుంది. మామూలు ఎం20 నట్టుకు 30 మిల్లీమీటర్ల సాకెట్ పడుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 3757 ప్రకారం చేసిన హైస్ట్రెంగ్త్ స్ట్రక్చరల్ బోల్టుకు అంతకంటే పెద్దది కావాలి. హెచ్ఎస్ఎఫ్‌జీ అని చెప్పి ఇచ్చిన బోల్టుకు 30 సాకెట్ బిగుతుగా కూర్చుందంటే, సర్టిఫికెట్ బయటికి తీసి చూడాల్సిందే.

3. బోల్టుల ఆరోగ్యం చూడండి

తల మీద గ్రేడు చదవండి. 8.8లో మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దాకా తెగని బలం, రెండో .8 అంటే అందులో 80 శాతం దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందని. నట్టు, వాషరు కూడా ఆ గ్రేడుకు తగ్గవే ఉండాలి. మెత్తని వాషరు వేస్తే నట్టు దాన్ని నలిపేస్తుంది, బిగువంతా ఆ నలుగుడులో పోతుంది.

తర్వాత అసలైన పరీక్ష, దీనికి యంత్రం అక్కర్లేదు. ప్రతి బాక్సులోంచి నాలుగైదు బోల్టులు తీసి, నట్టును వేళ్లతో మర చివరిదాకా తిప్పండి. మొదటినుంచి చివరిదాకా చేత్తో సాఫీగా పోవాలి. మధ్యలో కరకరమంటే, లేదా పోయి ఆగిపోతే, ఆ బాక్సు పక్కన పెట్టండి.

మన దగ్గర ఇది ఎందుకు ముఖ్యమంటే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన మనదే. రేణిగుంట దగ్గర ఒక సైట్లో గోనె సంచుల్లో తెరిచి పెట్టిన బోల్టులు రెండు రాత్రుల వానకు తడిశాయి. చూపుకు కొత్తవే. నట్టు విప్పి మరను వేలితో తుడిస్తే పసుపు రాసినట్టు తుప్పు వేలికి అంటింది. ఫ్యాక్టరీలో పూసిన పల్చటి నూనె పొర మొత్తం పోయింది. వేసవిలో ఇదే పని దుమ్ము చేస్తుంది. బాక్సులు నీడలో, నేలకు ఎత్తుగా, మూతలతో ఉంచండి. ఆ పూటకు కావాల్సినన్నే తీయండి, మిగిలినవి సాయంత్రానికి వెనక్కి చేర్చండి.

4. టార్క్ అంకె ఎక్కడినుంచి వస్తుంది

అందరూ అడిగే చోటు ఇదే కాబట్టి నెమ్మదిగా చదవండి.

మనకు కావాల్సింది టార్క్ కాదు, బోల్టులో లాగుడు. ఐఎస్ 800:2007 ప్రకారం ఆ లాగుడు బోల్టు తెగే బలంలో 70 శాతం. ఎం20 బోల్టు మర దగ్గర విస్తీర్ణం 245 చదరపు మిల్లీమీటర్లు. 8.8 గ్రేడుకు 245ను 800తో, దాన్ని 0.7తో గుణిస్తే సుమారు 137 కిలోన్యూటన్లు. అదే 10.9 గ్రేడుకు దాదాపు 172.

ఈ లాగుడుకు ఎంత టార్క్ కావాలో చెప్పే సూత్రం చిన్నది: టార్క్ = కె × వ్యాసం × లాగుడు. చిక్కంతా ఆ కె దగ్గరే ఉంది. అది మర మీద, నట్టు కింద ఉన్న రాపిడికి అంకె. పొడి బోల్టుకు సుమారు 0.2 అనుకుంటే, మన ఎం20కి దాదాపు 549 న్యూటన్ మీటర్లు వస్తుంది. బాగా లూబ్రికెంట్ ఉన్న నట్టుకు కె 0.13 అయితే 357 చాలు.

ఇప్పుడు ఒకే 549ని మూడు బోల్టులకు పెట్టి చూద్దాం. పొడి బోల్టుకు 137 కిలోన్యూటన్లు వచ్చింది, సరే. తుప్పు పట్టి కె 0.3 అయిన బోల్టుకు 91 మాత్రమే వచ్చింది, అంటే మూడింట రెండొంతులే. రెంచ్ మాత్రం రెండు చోట్లా ఒకేలా టిక్‌మంది. గ్రీజు రాసిన బోల్టుకు లెక్క ప్రకారం 211 రావాలి, కానీ ఆ బోల్టు 196 దగ్గరే తెగుతుంది. అంటే టిక్ వినబడే లోపే తెగి చేతికొస్తుంది.

అందుకే అంకె మీ సైట్లో, మీ బోల్టుల మీదే, ఆ రోజే తేలాలి. బోల్టు టెన్షన్ కాలిబ్రేటర్ అని డయల్ ఉన్న హైడ్రాలిక్ పరికరం ఉంటుంది. బోల్టును అందులో బిగిస్తే ఎంత లాగుడు వచ్చిందో డయల్ చూపుతుంది. ప్రతి లాట్ నుంచి, ప్రతి సైజు, పొడవు నుంచి మూడు సెట్లు తీసి, కావాల్సిన లాగుడుకు 5 శాతం ఎక్కువ వచ్చేదాకా బిగించి, అప్పటి టార్క్ రాసుకోండి. సొంతంగా కొనడం బరువైతే అద్దెకు తెచ్చుకోండి, లేదా బోల్టులు అమ్మినవాళ్లనే చేసి చూపమనండి. లాట్ మారినా, బోల్టులు తడిసినా మళ్లీ చేయాలి.

కాలిబ్రేటర్ ఏ దారిలోనూ దొరకలేదా? అప్పుడు టార్క్ పద్ధతి వదిలేసి, డిజైనర్ ఒప్పుకోలుతో, ఆరో దశలో చెప్పే మలుపు పద్ధతికి వెళ్లండి. రాపిడి మీద దాని ఆధారం చాలా తక్కువ. నా మటుకు నాకు మన సైట్లకు అదే నమ్మకమైనది.

5. ప్లేట్లు కలిశాయో లేదో: స్నగ్ టైట్

ఒక మనిషి పాడ్జర్ స్పానర్‌తో తన పూర్తి బలం పెట్టి బిగించినప్పుడు, లేదా ఇంపాక్ట్ రెంచ్ కొన్ని దెబ్బలు కొట్టినప్పుడు వచ్చే బిగువు స్నగ్ టైట్. బిగువుతోపాటు ప్లేట్లు గట్టిగా ఆనుకుని ఉండాలి. ఈ రెండో షరతునే మనవాళ్లు మర్చిపోతారు.

చేసే వరుస:

- ఆనుకునే ముఖాల మీద మట్టి, వదులు తుప్పు, వెల్డింగ్ చిట్లిన ముక్కలు, రంధ్రం అంచుల ముళ్లు తీసేయండి. స్లిప్ క్రిటికల్ జాయింట్ అయితే ఆ ముఖాల మీద డ్రాయింగ్ చెప్పని పెయింట్ ఉండకూడదు, నూనె అసలే ఉండకూడదు.
- డ్రిఫ్ట్ పిన్నులతో రంధ్రాలు సరిచేసి, అన్ని బోల్టులూ వేయండి. ఎం20కి 22 మిల్లీమీటర్ల రంధ్రం మామూలు. బోల్టు దూరకపోతే గ్యాస్ కట్టర్ తీయకండి, డిజైనర్‌ను అడిగి రీమర్ (రంధ్రాన్ని గీకి పెద్దది చేసే పనిముట్టు) వాడండి.
- తిప్పే భాగం కింద గట్టి వాషర్ ఉండాలి. ఛానల్ ఫ్లాంజి లోపలి వాలు మీద టేపర్ వాషర్ తప్పనిసరి.
- జాయింట్లో గట్టిగా ఉండే నడిమి భాగం నుంచి అంచులకు బిగిస్తూ పొండి.
- మళ్లీ మొదటి బోల్టు దగ్గరికి వచ్చి రెండో చుట్టు వేయండి, అవసరమైతే మూడోది కూడా.

రెండో చుట్టు ఎందుకో నవారు మంచం అల్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక పట్టీ లాగి బిగిస్తే, అంతకుముందు బిగించినది వదులవుతుంది. బోల్టుల గుంపు కూడా అంతే.

గాజులమండ్యం వైపు ఒక షెడ్డులో రాఫ్టర్ స్ప్లైస్ (రెండు కప్పు దూలాలు కలిసే చోటు) నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ఎనిమిది బోల్టుల ఎండ్ ప్లేట్ జాయింట్. ఎనిమిదింటికీ రెంచ్ టిక్‌మంది, మార్కింగ్ కూడా అయిపోయింది. సాయంత్రం ఎండ అటువైపు నుంచి పడుతుంటే రెండు ప్లేట్ల నడుమ సన్నని వెలుగు గీత కనిపించింది. హ్యాక్సా బ్లేడు పెడితే బోల్టు కాడకు తగిలేదాకా దూరిపోయింది. "టిక్ అనింది కదా సార్, చాలదా?" అన్నాడు ఫిట్టర్ అబ్బాయి, వాడి తప్పేమీ లేదు. పాడ్జర్ పెట్టి పైవరస రెండు నట్లు లాగితే నా చేతికే తిరిగాయి. వెల్డింగ్ వేడికి ఎండ్ ప్లేట్ వంపు తిరిగింది. బోల్టు బలమంతా ఆ వంపు తీయడానికే ఖర్చయింది, నొక్కి పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఆ జాయింట్ మొత్తం వదులు చేసి, క్లాంపులతో ప్లేట్లు దగ్గరికి తెచ్చి, మళ్లీ నడిమినుంచి మొదలుపెట్టాం. ఇంకా మిగిలిన సందుకు డిజైనర్ ఒప్పుకోలుతో షిమ్ ప్లేట్ (సందు నింపే పలక) వేశాం. అప్పటినుంచి నా నియమం ఒకటే: బ్లేడు పరీక్ష కాకుండా టార్క్ రెంచ్ పెట్టె తెరవను. ప్లేటు అంచున చిన్న సందు ఉండొచ్చు, దాన్ని డిజైనర్‌కు చూపించండి. బోల్టుల చుట్టూ మాత్రం ఉండకూడదు.

6. చివరి బిగింపు

*మలుపు పద్ధతి.* స్నగ్ టైట్ అయ్యాక బోల్టు కొన, నట్టు, ప్లేటు మూడింటి మీదా కలిసేలా పెయింట్ మార్కర్‌తో ఒకే గీత గీయండి. తల తిరగకుండా ఒకరు స్పానర్‌తో పట్టుకోవాలి, రెండోవారు నట్టు తిప్పాలి. ఎంత తిప్పాలన్నది మీ పనికి వర్తించే కోడ్ పట్టికలో ఉంటుంది. మనవైపు ఐఎస్ 4000 వాడతారు. అమెరికన్ ఆర్‌సీఎస్‌సీ (స్ట్రక్చరల్ బోల్టుల నియమాలు రాసే సంస్థ) లెక్కలో, ప్లేట్ ముఖాలు వాలు లేకుండా ఉంటే, బోల్టు పొడవు వ్యాసానికి 4 రెట్ల దాకా మూడోవంతు చుట్టు, 4 నుంచి 8 రెట్ల దాకా అర చుట్టు, 8 నుంచి 12 దాకా మూడింట రెండొంతులు. డిజైన్ ఏ కోడ్‌లో ఉందో ఆ పట్టికే వాడండి, రెండూ కలపకండి.

డిగ్రీలు కొలవక్కర్లేదు. నట్టుకు ఆరు ముఖాలు. మూడోవంతు చుట్టు అంటే రెండు ముఖాలు, అర చుట్టు అంటే మూడు ముఖాలు. ఆ లెక్కలో ఎం20, 70 మిల్లీమీటర్ల బోల్టుకు రెండు ముఖాలు, అదే 90 మిల్లీమీటర్లదైతే మూడు. ఈ మాట ఒక్కసారి చేసి చూపిస్తే కొత్తగా వచ్చిన హెల్పర్ కూడా తప్పు చేయడు.

*టార్క్ పద్ధతి.* నాలుగో దశలో తేలిన అంకె రెంచ్‌లో పెట్టి, నడిమినుంచి అంచులకు పొండి. చేయి ఊపుతో కుదపకుండా ఒకే తీరున లాగండి. టిక్ రాగానే ఆపండి, ఇంకోసారి టిక్ అనిపించడం బిగింపు కాదు, అదనపు బరువు. అంతా అయ్యాక అదే అంకెతో మరో చుట్టు వేయండి. ఎం24, 10.9 లాంటి వాటికి పొడి లెక్కలో దాదాపు 1,190 న్యూటన్ మీటర్లు వస్తుంది. దానికి రెంచ్‌కు పైపు తొడగకండి, టార్క్ మల్టిప్లయర్ (టార్క్‌ను పెంచే పరికరం) తెప్పించండి.

గుబ్బలున్న డీటీఐ (డైరెక్ట్ టెన్షన్ ఇండికేటర్) వాషర్లు వాడితే, గుబ్బలు అణిగాక సప్లయర్ చెప్పిన మందం ఫీలర్ గేజ్ ఎన్ని సందుల్లో దూరకూడదో అన్నిట్లో దూరకపోతే సరి. కొన ఊడే టీసీ (టెన్షన్ కంట్రోల్) బోల్టుల్లో కొన ఊడటం బిగువుకు గుర్తే. కానీ ప్లేట్లు కలవకపోయినా అది అలాగే ఊడుతుంది, ఐదో దశ వాటికీ తప్పదు.

7. తనిఖీ: బిగించినవాడు కాక ఇంకొకరు

మొదట కళ్లతో. గీత అనుకున్నంత తిరిగిందా? నట్టు దాటి కనీసం ఒక మర బయటికి కనిపిస్తోందా? నట్టు లోపలివైపు మర అయిపోయి కాడకు తగిలిందా? ఇలా తగిలిన నట్టు కొండలా గట్టిగా ఉంటుంది, టార్క్ బ్రహ్మాండంగా చూపిస్తుంది, ప్లేట్లను మాత్రం నొక్కదు. పొడవు ఎక్కువైన బోల్టులు వాడినచోట దీన్ని తప్పక వెతకండి.

తర్వాత చేత్తో. స్నగ్ టైట్ జాయింట్లయితే పాడ్జర్ పెట్టి లాగితే కదలకూడదు, అంతే.

ప్రీటెన్షన్ జాయింట్ల మీద వివాదం వస్తే పద్ధతి ఇది. అదే లాట్ బోల్టులు ఐదు కాలిబ్రేటర్‌లో కావాల్సిన లాగుడుకు బిగించండి. తర్వాత తనిఖీ రెంచ్‌తో ఒక్కోదాన్ని బిగించే దిశలోనే ఇంకో 5 డిగ్రీలు తిప్పడానికి ఎంత పట్టిందో చూడండి. 300 మిల్లీమీటర్ల రెంచ్ కొన దగ్గర అది దాదాపు ఒక అంగుళం కదలిక. అన్నిటికంటే పెద్ద అంకె, చిన్న అంకె తీసేసి మిగిలిన మూడింటి సగటు మీ తనిఖీ టార్క్. ప్రతి జాయింట్లో 10 శాతం బోల్టులు, తక్కువలో తక్కువ రెండు, మీరే ఏరి ఈ అంకెతో బిగించే దిశలో లాగండి. ఒక్కటీ తిరగకపోతే జాయింట్ పాసు. ఒక్కటి తిరిగినా ఆ జాయింట్లోని బోల్టులన్నీ చూడాలి, తిరిగినవి బిగించి మళ్లీ తనిఖీ చేయాలి.

ఏరేటప్పుడు చేతికందే కింది వరసే ఎంచుకోకండి. సందులో ఉండి స్పానర్ సరిగా తిరగని మూల బోల్టును చూడండి, వదులు సాధారణంగా అక్కడే ఉంటుంది.

సుత్తితో కొట్టి శబ్దం వినే అలవాటు మన మేస్త్రీల్లో ఇంకా ఉంది. పూర్తిగా వదులైన బోల్టును అది పట్టిస్తుంది. సగం బిగువున్నదాన్ని పట్టించదు.

8. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే తీరు

- నట్టుతోపాటు బోల్టు కూడా తిరిగింది. ఆ టార్క్, ఆ మలుపు రెండూ లెక్కలోకి రావు. బోల్టు వదులు చేసి, తల పట్టుకుని, స్నగ్ నుంచి మొదలుపెట్టండి.
- సగం బోల్టులు బిగించాక వాన వచ్చింది. స్నగ్ అయి ఆగిన జాయింట్లు మర్నాడు మళ్లీ స్నగ్ చుట్టు వేసి కొనసాగించండి. రంధ్రాల్లో వేసి వదిలేసిన బోల్టులు తడిస్తే తీసి మార్చండి.
- సైట్లో ఎవరో మరకు గ్రీజు రాశారు. నాలుగో దశ అంకె ఇక చెల్లదు. గ్రీజు చేయి ప్లేట్ ముఖానికి తగిలిందేమో కూడా చూడండి.
- ఒకసారి పూర్తిగా బిగించి విప్పిన బోల్టును మళ్లీ వేశారు. 10.9 గ్రేడు, గాల్వనైజ్డ్ బోల్టులు మళ్లీ వాడకూడదు, మార్చేయండి. పక్క బోల్టు బిగించినప్పుడు కొంచెం వదులైనదాన్ని సరిచేయడం ఈ లెక్కలోకి రాదు.
- ఎక్కువ బిగిసి మర సాగింది. నట్టును వెనక్కి తిప్పి సరిపెట్టకండి. విప్పిన బోల్టు మీద కొత్త నట్టు చేత్తో పోకపోతే మర సాగినట్టే. నట్టు, వాషర్లతో సహా బోల్టు మార్చండి.
- నట్టుకు వెల్డింగ్ చుక్క పెట్టారు. ఊడకుండా ఉంటుందని చేస్తారు. ఆ వేడికి హైస్ట్రెంగ్త్ బోల్టు తన గుణం కోల్పోతుంది. బోల్టు మార్చాల్సిందే.

9. గీత, రాత, పెయింట్

బిగించినవాళ్లది ఒక రంగు గీత, తనిఖీ చేసినవాళ్లది ఇంకో రంగు చుక్క. కింద నిలబడి చూసినా ఏ జాయింట్ మిగిలిందో తెలిసిపోతుంది. రిజిస్టర్లో జాయింట్ నంబరు, లాట్ నంబరు, పద్ధతి, టార్క్ అయితే అంకె, రెంచ్ నంబరు, తేదీ, ఇద్దరి సంతకాలు రాయండి. ఆ రోజు రాయకుండా వదిలిన జాయింట్‌ను మర్నాడు గుర్తుచేసుకుని రాయకండి.

పెయింట్ ఫినిషింగ్ తనిఖీ చుక్క పడ్డాకే. ముందే వేస్తే గీత మాయమవుతుంది.

మొదటి వానాకాలం గడిచాక, అంటే జనవరిలో ఒకసారి, మళ్లీ పైకెక్కండి. నట్టు చుట్టూ పెయింట్ గుండ్రంగా చిట్లిందా, వాషరు కింద నుంచి ఎర్రటి తుప్పు చార కిందికి కారిందా, గీతలో నట్టు మీది ముక్క పక్కకు జరిగిందా చూడండి. క్రేన్ తిరిగే షెడ్డయితే గర్డర్ బోల్టుల దగ్గరే మొదలుపెట్టండి. చార కనిపించిన జాయింట్‌ను తుడిచి మళ్లీ పెయింట్ వేయించే ముందు, హ్యాక్సా బ్లేడు తీసి ఐదో దశ నుంచి చూసుకుంటూ రండి.